టికెట్ క్లోజ్ అయింది, మరి లీకు?

మనలో చాలామంది రేపు చేరేది సపోర్ట్ ప్రాజెక్టులోనే. అక్కడ మొదటి వారం నుంచే వినిపించే మాటలు రెండు: ఇన్సిడెంట్, ప్రాబ్లమ్. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వం తయారుచేయించిన ఐటిల్ వీటిని విడదీసింది. సర్వీసు ఆగిపోతే అది ఇన్సిడెంట్. ఆగడానికి వెనకున్న కారణం ప్రాబ్లమ్.

2013 ఆగస్టు 19. మన శ్రీహరికోటలో (ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిందనుకోండి, తీరం మాత్రం మనదే!) జీఎస్ఎల్‌వీ-డీ5 ప్రయోగం 74 నిమిషాల ముందు ఆపేశారు. రెండో దశ నుంచి ఇంధనం కారుతోంది. కౌంట్‌డౌన్ ఆపి, ఇంధనం తోడేసి, రాకెట్‌ని వెనక్కి తీసుకెళ్లారు. ఇంతవరకు ఇన్సిడెంట్. లీకైన చోట అతుకేసి ఊరుకోలేదు. ట్యాంకు ఎందుకు పగిలిందని తవ్వారు. తప్పు లోహంలోనే ఉంది: ఆ అల్యూమినియం మిశ్రమం ఒత్తిడి కింద ఉండగా ఉండగా పగుళ్లిస్తుంది. దాని బదులు 2219 అనే మిశ్రమంతో కొత్త దశ తయారుచేసి, 2014 జనవరి 5న ప్రయోగించారు. సక్సెస్!

ఇక మా హాస్టల్ వైఫై. రాత్రి పది దాటితే పడిపోయేది. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసేవాళ్లు. అది తప్పు కాదు, తెల్లారితే ఇంటర్నల్ ఉన్నవాడికి ముందు నెట్ రావాలి. దీన్నే వర్క్‌అరౌండ్ అంటారు. కానీ ప్రతిసారీ కొత్త ఫిర్యాదే, ప్రతిసారీ క్లోజే. చివరికి మేమే ఒక నోట్‌బుక్ పెట్టాం: టైమ్, ఫ్లోర్, ఏం చేశారు. రెండు వారాలకే తేలింది, అన్నీ రెండో అంతస్తువే, ఒకే స్విచ్ కిందవే. మార్చమని రాసిచ్చాం. కొత్తది ఇంకా రాలేదు.