ఇంజనీరు కావడానికి దారులు



నిజాంసాగర్‌ నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీదే ఇంగ్లండ్ వెళ్లి ఇంజనీరింగ్ చదివారు. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం. మన యాప్రాల్‌లోనూ ఇంజనీరు అవుతామనే పిల్లలకు కొదవ లేదు. ఎలా అని అడిగితే మాత్రం ఇంటర్, ఎంసెట్ తప్ప మరో మాట వినిపించదు. (ఆ పరీక్ష 2024లో ఈఏపీసెట్ అయినా ఇళ్లలో ఇంకా ఎంసెట్టే!)

ఆ దారి మంచిదే. రెండేళ్లు ఎంపీసీ, నాలుగేళ్లు బీటెక్. కాని తండ్రి ఆటో నడిపే ఇంట్లో మధ్యలో చదువు ఆగితే చేతిలో మిగిలేది ఇంటర్ మెమో ఒక్కటే. అందుకే మేం పాలిటెక్నిక్ గురించి పదేపదే చెబుతుంటాం. పదో తరగతి కాగానే పాలీసెట్ రాయవచ్చు. 120 మార్కుల్లో 60 లెక్కలవే. ఫిజిక్స్, కెమిస్ట్రీ 30 చొప్పున. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్‌లో ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఎటు వెళ్లినా ఆరేళ్లే. తేడా ఏమిటంటే, ఇక్కడ మూడేళ్లకే ఉద్యోగానికి పనికొచ్చే డిప్లొమా చేతికొస్తుంది.

మనకు దగ్గర్లో ఈస్ట్ మారేడ్‌పల్లిలో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే డిప్లొమా చదవవచ్చు, దాని ప్రవేశ పరీక్ష వేరు. బాసర ఆర్జీయూకేటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటిస్తారు.

పిల్లలు చిక్కుకునేది చదువు దగ్గర కన్నా కాగితాల దగ్గర. షేక్‌లు బీసీ-ఇ కిందికి వస్తారు, 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకులవారిది బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఇలో లేవు. వారు ఆదాయ పరిమితిలో ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ సర్టిఫికెట్ తప్పదు. ఆధార్‌లో, మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో తొమ్మిదో తరగతిలోనే చూసుకోవాలి.

ఇక దాతలకు ఒక మనవి. జకాత్ మనం ఎక్కువగా రంజాన్‌లోనే పంచుతాం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అడ్మిషన్లు మాత్రం వేసవి దాటాకే. మినీ డ్రాఫ్టర్, బస్ పాస్, అడ్మిషన్ నాటి చిల్లర ఫీజులు అన్నీ అప్పుడే మీద పడతాయి. ఈసారి సదఖాలో కొంత ఆ రోజుల కోసం విడిగా ఉంచండి. మీ వీధిలో పదో తరగతి చదివే పిల్లల పేర్లు ఇప్పుడే మాకు చెప్పండి.