పాడుచెయ్, నువ్వే బాగుచెయ్

కర్నూలు,
ఆదివారం.

చిరంజీవి తమ్మునికి,

  

లినక్స్ అడ్మినిస్ట్రేషన్ నేర్చుకోవాలని ఉంది, కోచింగుకు హైదరాబాదు పోవాలా, బెంగుళూరు పోవాలా అని అడిగినావు. ఇప్పుడే యాడికీ పోవద్దు. చిన్నాయనతో ఫీజు కట్టించొద్దు. నీ లాప్‌టాప్ చాలు. ఈ పని పెద్ద ఊర్లలోనే ఉంటుందని కూడా అనుకోవద్దు. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద దేశంలోని జిల్లా కోర్టులకు ఉబుంటూ లినక్స్‌నే ఎంచుకున్నారు. వాయిదాలు, తీర్పులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ కూడా పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ మీద నడుస్తుంది. కడప కోర్టు మెట్లెక్కే కక్షిదారుకు ఆ పేరు తెలియకపోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్ పొద్దున్నే లేవకపోతే మాత్రం ఆయన వాయిదా సంగతి ఎవరూ చెప్పలేరు. సర్వర్‌ను లేపి నిలబెట్టడమే మన పని.

ముందు ల్యాబ్ కట్టుకో. వర్చువల్‌బాక్స్ వేసుకుంటే నీ లాప్‌టాప్ లోపలే ఇంకో రెండు మూడు కంప్యూటర్లు నడుస్తాయి. అరవై నాలుగు బిట్ల లినక్స్ దాంట్లో కనపడకపోతే బయోస్‌లోకి పోయి వర్చువలైజేషన్ ఆన్ చెయ్. ఇంటెల్‌లో ఒక పేరు, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఇంకో పేరు ఉంటుంది. డెబియన్‌తో మొదలుపెట్టు. ఉబుంటూ, మన సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్, రెండూ దాని మీద కట్టినవే. నెట్‌ఇన్‌స్ట్ ఫైలు ఒక జీబీ లోపే ఉంటుంది, ఫోన్ డేటాతోనే దించుకోవచ్చు. దించినాక షా-256 చెక్‌సమ్ సరిచూసుకో, సగం దిగిన ఫైలుతో పొద్దంతా పోగొట్టుకోవద్దు. డెస్క్‌టాప్ వెయ్యొద్దు, ఒట్టి నల్ల తెర చాలు. ఒక్కో మిషనుకు ఒక జీబీ మెమరీ, ఇరవై జీబీ డిస్కు ఇస్తే నీ ఎనిమిది జీబీల లాప్‌టాప్ హాయిగా మోస్తుంది. చెయ్యి తిరిగినాక ఆల్మాలినక్స్ కూడా వేసుకో. అది రెడ్‌హ్యాట్ దారిది, ఆ దారిలో నడిచే ఆఫీసులు చానా ఉన్నాయి.

కొత్తవాళ్లు మొదటి వారంలోనే తట్టుకొని పడే రాయి ఒకటుంది, ముందే చెప్తాను. వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇచ్చే నాట్ పద్ధతిలో ప్రతి మిషనుకూ 10.0.2.15 అనే అడ్రసే వస్తుంది. వాటికి ఇంటర్నెట్ అందుతుంది కానీ ఒకదానికొకటి కనపడవు. అందుకని రెండో నెట్‌వర్క్ కార్డు ఒకటి పెట్టి దాన్ని హోస్ట్-ఓన్లీకి కలుపు. 192.168.56తో మొదలయ్యే అడ్రసులు వచ్చి మిషన్లు మాట్లాడుకుంటాయి. ఒక మిషనును క్లోన్ చేసేటప్పుడు కొత్త మ్యాక్ అడ్రసు ఇమ్మని ఎంచుకోవడం మరవద్దు.

వాటికి సర్వర్-1, సర్వర్-2 అని పేర్లు పెట్టొద్దు. హంద్రీ, కుందూ, పెన్నా అని మన నదుల పేర్లు పెట్టు. ఒక్కో దాని ప్రాంప్ట్‌కు ఒక్కో రంగు వెయ్. సరదాకు చెప్పడం లేదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకొని అసలు సర్వర్ మీదే డేటా ఫోల్డర్ చెరిపేసినాడు. ఎంటర్ నొక్కకముందు యాడున్నామో చూసుకోవడం ఈ వృత్తిలో మొదటి అలవాటు.

ఇంగ అసలు మాట. వర్చువల్ ల్యాబ్‌లో అందరికీ నచ్చేది స్నాప్‌షాట్. మిషను ఆ క్షణంలో ఎట్లుందో అట్లే దాచి పెడుతుంది, ఏం పాడైనా ఒక్క బటన్‌తో వెనక్కి పోవచ్చు. చానామంది చదువు ఆగిపోయేది కూడా అక్కడే. ఏదో సర్వీసు లేవదు, వెంటనే వెనక్కి పోతారు. మళ్లీ పాడవుతుంది, మళ్లీ వెనక్కి పోతారు. నెల తిరిగేసరికి వాళ్లకు బటన్ నొక్కడం మాత్రం బాగా వచ్చింటుంది. నిజమైన సర్వర్లకూ స్నాప్‌షాట్లు ఉంటాయి. కానీ అక్కడ వెనక్కి పోతే పొద్దున్నుంచి జనం ఎక్కించిన బిల్లులూ అర్జీలూ అన్నీ పోతాయి. అందుకే ఆఫీసులో ముందు అడిగేది ఎందుకు ఆగింది అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినోడే అడ్మిన్.

కాబట్టి నీకొక నియమం పెడతాను. స్నాప్‌షాట్ తీసుకో, తప్పు లేదు. పాడైనప్పుడు మాత్రం కనీసం ఒక గంట నీ చేతులతో బాగుచెయ్యడానికి చూడు. ఏం కనపడిందో, ఏం చేసినావో, ఏమైందో నోటుపుస్తకంలో మూడు ముక్కలు రాయి. అప్పటికీ కాకపోతే వెనక్కి పో. పోయినాక అదే తప్పు మళ్లీ కావాలని చేసి ఇంకోసారి చూడు. కారణం దొరికేదాకా ఆ పాఠం అయిపోయినట్లు కాదు.

పాడుచెయ్యడానికి కూడా ఒక వరుస చెప్తాను.

మొదటిది సర్వీసులు. ఎన్‌జింక్స్ వేసి, దాని కాన్ఫిగ్‌లో ఒక సెమీకోలన్ తీసేసి రీస్టార్ట్ చెయ్. లేవదు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూడు, తరువాత జర్నల్‌సీటీఎల్‌లో ఆ సర్వీసు లాగ్ చదువు. తప్పు ఏ ఫైల్లో ఏ వరుస దగ్గర ఉందో అదే చెప్తుంది. ఎర్ర అక్షరాలు చూసి భయపడి గూగుల్‌కు పరిగెత్తొద్దు, నిదానంగా పూర్తిగా చదువు. ఆ తరువాత ఎనభయ్యో పోర్టులో వేరే ప్రోగ్రామ్‌ను కూర్చోబెట్టి ఎన్‌జింక్స్‌ను లేపబో. పోర్టు ఎవరు పట్టుకున్నారో ఎస్‌ఎస్ కమాండ్ చూపిస్తుంది.

రెండోది యూజర్లు, పర్మిషన్లు. నాలుగు చదవడానికి, రెండు రాయడానికి, ఒకటి నడపడానికి. ఈ మూడంకెల కూడిక నోటికి రావాల. రూట్ ఖాతా మన కె.సి. కాలువ తూము తాళం లాంటిది. లస్కర్ చేతిలో ఉంటే ఆయకట్టంతా పండుతుంది, ప్రతి రైతూ తలుపెత్తబోతే చివరి మడికి నీళ్లందవు. అందుకే రూట్‌గా లాగిన్ అయ్యి కూర్చోవద్దు. సుడో వాడు. ఎవరు ఎప్పుడు ఏం చేసినారో అది లాగ్‌లో రాసి పెడుతుంది. పర్మిషన్ లేదని రాగానే 777 కొట్టేవాళ్లను చూస్తావు, వాళ్ల దారి పట్టొద్దు.

మూడోది డిస్కు. ఒక పెద్ద ఫైలు సృష్టించి డిస్కు నిండా నింపు. ఏమేం ఆగిపోతాయో చూడు. డీఎఫ్‌తో ఎంత నిండిందో, డీయూతో ఎవరు నింపినారో కనుక్కో. ఒక్కోసారి లాగ్ ఫైలు చెరిపినా జాగా తిరిగి రాదు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకొని ఉంటే అట్లే అవుతుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తే జాగా వస్తుంది. ఇది ఇంటర్వ్యూలలో అడుగుతారు, నిజంగా అర్ధరాత్రి కూడా వస్తుంది.

నాలుగోది బూటింగ్. డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, అసలు లేని ఒక డిస్కు పేరు రాసి రీబూట్ చెయ్. సుమారు తొంభై సెకన్లు దాని కోసం చూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడుతుంది. రూట్ పాస్‌వర్డ్‌తో లోపలికి పోయి ఆ వరుస సరిదిద్ది మళ్లీ లేపు. ఇది ఒకసారి చేసినోడు ఎఫ్‌స్టాబ్ మార్చిన ప్రతిసారీ, రీబూట్ కన్నా ముందు, మౌంట్ కమాండ్‌కు డ్యాష్ ఏ తగిలించి పరీక్ష చేసుకుంటాడు.

అయిదోది ఎస్‌ఎస్‌హెచ్, దూరం నుంచి లాగిన్ అయ్యే దారి. తాళంచెవుల జత చేసుకొని, పాస్‌వర్డ్ లాగిన్ ఆపెయ్. సెట్టింగ్ మార్చినాక ఉన్న కనెక్షన్ మూసెయ్యొద్దు. పక్కన ఇంకో కిటికీ తెరిచి లాగిన్ అవుతాందో లేదో చూసుకున్నాకే మొదటిది మూసుకో. ల్యాబ్‌లో అయితే వర్చువల్‌బాక్స్ తెరలోంచి లోపలికి పోవచ్చు. సర్వర్ ముంబైలో ఉండి నువ్వు ప్రొద్దుటూరులో ఉంటే ఏ తెరలోంచి పోతావు?

బ్యాకప్ గురించి వేరుగా చెప్పాల. ఆర్‌సింక్‌తో హంద్రీ డేటాను పెన్నాకు రోజూ రాత్రి పోయేటట్లు క్రాన్ పెట్టు. బాగుంది. కానీ రెండు మిషన్లూ నీ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నాయి, అది పోతే రెండూ పోతాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కర్నూలు మీదికి వచ్చినప్పుడు నువ్వు చానా చిన్నపిల్లోనివి. అట్లాంటి వరదలో కింది బీరువాలో అసలు కాయితం, దాని పక్కనే నకలు పెట్టుకున్న ఇంట్లో రెండూ కలిసే మునుగుతాయి. ఒక కాపీ వేరే ఊర్లో ఉండాల. ఇంకొక సంగతి, తీసిన బ్యాకప్‌ను తిరిగి పోసి చూడకపోతే అది బ్యాకప్ కాదు. నేను చెప్పిన గిట్‌ల్యాబ్‌కు అయిదు రకాల ఏర్పాట్లున్నా ఆ రాత్రి ఏ ఒక్కటీ నమ్మకంగా ఆదుకోలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి ఆరు గంటల డేటా నష్టంతో బయటపడినారు. నెలకొకసారి ఒక ఖాళీ మిషను తీసుకొని, నీ బ్యాకప్‌తో దాన్ని మొదటినుంచి నిలబెట్టి చూడు.

అన్నీ బాగున్న రోజున కూడా మిషను దగ్గర కూర్చో. మెమరీ ఎంత వాడుతోంది, ఏ సర్వీసులు నడుస్తున్నాయి, లాగిన్‌కు ఎంతసేపు పడుతోంది అన్నీ రాసుకో. ఆరోగ్యంగా ఉన్నప్పటి తీరు తెలిస్తేనే జబ్బు కనపడుతుంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తీగ లాగినాడు. ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దాచిన దొంగదారి బయటపడింది. ప్రపంచంలోని సర్వర్లన్నిటికీ పాకకముందే దొరికింది. ఆయన చూసింది అర సెకనే.

చదవడానికి మ్యాన్ పేజీలు అన్నిటికన్నా మేలు. ఇంగ్లీషు కష్టమనిపిస్తే ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్ పాఠాలు తెలుగు గొంతుతో కూడా ఉన్నాయి, డబ్బులు కట్టే పని లేదు. అవి వినేటప్పుడు మిషను పక్కన తెరిచి పెట్టుకో, చెయ్యి ఆడకుండా విన్నది నిలవదు. రెడ్‌హ్యాట్ సర్టిఫికెట్ పరీక్ష సంగతి కూడా అడిగినావు. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, మిషను ఇచ్చి పని చెయ్యమంటారు. నేను చెప్పిన వరుసలో చేసుకుంటూ పో, ఆ పరీక్షకు సగం తయారైనట్లే. ఫీజు కట్టడం తరువాత ఆలోచిద్దాం.

నోటుపుస్తకంలో రాసింది వారానికొకసారి ఫొటో తీసి పంపు. బాగుచేసినవి ఒక పక్కన, కానివి ఒక పక్కన పెట్టు. నేను కానివాటినే ముందు చదువుతాను.

సంక్రాంతికి వస్తాను. హంద్రీని నాకిచ్చి నువ్వు బయటికి పోయి టీ తాగి రా. ఏం చెడగొట్టినానో చెప్పను, స్నాప్‌షాట్లన్నీ తీసేస్తాను. పొద్దు గూకేలోపల లేపి కారణం చెప్పినావంటే ఎక్కువ మెమరీ చిప్పు నేను కొనిస్తా.



ఇట్లు,
నీ అక్క