కనుబొమలు పలుచబడినచో

బెంగుళూరులో చదువుకొను మన జవళగిరి బిడ్డ యెవరైన, పలుచబడిన కనుబొమలకు పి.ఆర్.పి. చికిత్స కావలెనని కోరినచో, తలిదండ్రులు కొంత తెలిసియుండుట మంచిది. రోగి రక్తమునే తీసి, యంత్రమున వేగముగా త్రిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కబడిన పసుపు ద్రవమును బొమలలోనికి సూదితో ఎక్కింతురు. గాయములు మాన్పుటకు తోడ్పడు ఆ కణములు రోమకూపములను గూడ మేల్కొల్పునని ఆశ. తలవెండ్రుకల విషయమున పరిశోధనలు పెక్కు గలవు. బొమల విషయమున స్వల్పము.

కారణ మెరుగక సూది వేయించుట తొందరపాటు. మాటిమాటికి పెరికించుకొన్నను బొమలు పలుచనగును. వెలుపలి కొసలు రాలినచో థైరాయిడ్ లోపమేమో రక్తపరీక్ష చేయింపవలెను. కుష్ఠువునందును బొమల వెండ్రుకలు రాలవచ్చును. ఆ పేరు వినగానే దాచుట మన పాత అలవాటు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళౌషధ చికిత్సతో అది నయమగును. చర్మమున స్పర్శ తెలియని మచ్చ యున్నచో వెంటనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున చూపవలెను. అచట ఆ మందులకు వెల లేదు.