ఇసుక రేణువంత విత్తు, దోమను పట్టే ఆకు

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ డ్రాసెరా, డయోనియా, నెపంథిస్ అనే కీటకాహార మొక్కలు నాకూ నా విద్యార్థులకూ పాఠ్యపుస్తకంలో బొమ్మలే, లేదా సీసాలో రంగు వెలిసిన నమూనాలే. పదవీ విరమణ తర్వాత కాకినాడలో మా మేడ మీద వాటిని విత్తనాల నుంచి పెంచుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇది.

1. విత్తనం కంటే ముందు నేల చూసుకోండి. ఈ మొక్కల సొంత చోటు నత్రజని, భాస్వరం దాదాపు లేని తడి నేల. వేళ్లకు దొరకని పోషకాన్ని ఆకులతో పట్టుకోవడం వీటి బతుకుతీరు. అందుకే వర్మీకంపోస్టు, పశువుల ఎరువు, తోటమట్టి వేస్తే వేళ్లు మాడిపోతాయి. పీట్‌మాస్, పెర్లైట్ సమపాళ్లలో కలపండి. కడియం నర్సరీలకు వెళ్లి పీట్ అని అడిగితే చాలాచోట్ల కోకోపీట్ చేతిలో పెడతారు. అది కొబ్బరి పొట్టు, ఉప్పు ఎక్కువ. వేరే దారి లేక అదే వాడాల్సి వస్తే మంచినీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, ఆ నీటిలో ఉప్పు పోయిందని తేలాకే వాడండి. పెర్లైట్‌కు బదులు ఇసుక వాడేట్టయితే నది ఇసుకే కడిగి వాడాలి, సముద్రపు ఇసుక పనికిరాదు. దాని మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, పక్కన పెట్టేయండి.

2. నీళ్ల దగ్గర మొహమాటం వద్దు. బోరునీళ్లు, కుళాయినీళ్లు పోసి ఈ మొక్కలు బతకాలంటే కుదరదు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొనండి, అంకె 50 దాటితే ఆ నీళ్లు వద్దు. ఆర్‌ఓ నీళ్లు మంచివే అనుకుంటాం గానీ, ఇళ్లలో ఉండే కొన్ని యంత్రాలు ఖనిజాలు తిరిగి కలుపుతాయి, కాబట్టి వాటినీ కొలవాలి. తొలకరికి డాబా కడుక్కుపోయాక పడే వాన నీళ్లంత మేలైనవి లేవు. డ్రమ్ముల్లో పట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టి ఉంచుతాను. కుండీని పళ్లెంలో పెట్టి, ఆ పళ్లెంలో పోయాలి. పైనుంచి పోస్తే విత్తనాలన్నీ కొట్టుకుపోయి ఓ మూలకు చేరతాయి.

3. మొదటి విత్తనం మన నేలదే కావాలి. డ్రాసెరా బర్మానీ తూర్పు కనుమల్లో, తడి ఇసుక నేలల్లో తనంతట తాను మొలుస్తుంది. మన వేడి, మన ఉక్క దానికి అలవాటే. పైసా బిళ్లంత చిన్న చక్రంలా నేలకు అంటుకుని ఉంటుంది, ఆకుల అంచున పొడవాటి నూగు, దాని కొసన జిగురు చుక్క. చీమో దోమో తగిలితే ఆ అంచు నూగు క్షణాల్లో లోపలికి వంగుతుంది. మిగతా డ్రాసెరాల్లో చాలావాటికి ఇదే పనికి నిమిషాలు, గంటలు పడుతుంది. ఏకవార్షికం, తనకు తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. ఒక్క మొక్క చాలు, మరుసటి ఏటికి కుండీ నిండా విత్తనాలు. ఆషాఢ శ్రావణాల్లో చల్లితే గాలిలో తేమ తోడుంటుంది. చేలగట్లలో కనిపించినవాటిని మాత్రం పీకకండి. పెంచేవాళ్ల దగ్గర చిటికెడు విత్తనాలు అడిగి తెచ్చుకోండి.

4. పూడ్చకండి. డ్రాసెరా విత్తుకు మొలవడానికి వెలుతురు కావాలి. కాగితం మధ్యకు మడిచి, అందులో విత్తనాలు పోసి, వేలితో తడుతూ తడి పీట్ మీద రాల్చండి. పైన పారదర్శకమైన మూత వేసి మంచి వెలుతురులో ఉంచాలి. నేరుగా ఎండలో పెడితే మూత కింద ఉడికిపోతాయి. మొలకలు కనిపించాక మూతను రోజురోజుకీ కొంచెం ఎక్కువగా తెరవండి. బూజు కనిపిస్తే గాలి తగలడమే మందు. మొలకల్ని మార్చవలసి వస్తే వేరు కదలకుండా కింద పీట్ ముద్దతో సహా ఎత్తాలి.

5. డయోనియా, అంటే అందరూ అడిగే వీనస్ ఫ్లైట్రాప్. ఇది అమెరికాలో ఉత్తర, దక్షిణ కరోలినాల తీరమైదానపు మొక్క. విత్తనం నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఆన్‌లైన్‌లో నీలం, ఊదా రంగుల బొమ్మలతో అమ్మేవి చూసి మోసపోకండి. మొలిచాక ముదరడానికి మూడు నుంచి ఐదేళ్లు. ఏటా మూడు నెలలు చలిలో నిద్రపోవాలి, మన కోస్తాలో ఆ చలి లేదు. అరకులోనో మదనపల్లెలోనో ఉన్నవాళ్లకు కొంత ఆశ ఉంది. మిగతావాళ్లు దీన్ని తర్వాతి మెట్టుగా పెట్టుకోండి. పిల్లలు వేలితో తాకి బోనుల్లాంటి దాని ఆకులను మూయించకుండా చూడండి. ఉత్తినే మూసుకున్న ప్రతిసారీ మొక్క బలం ఖర్చవుతుంది.

6. ఆహారం పెట్టవచ్చు, అతి వద్దు. చార్లెస్ డార్విన్ 1875లో కీటకాహార మొక్కల మీద పుస్తకం వేశాడు. వాటికి ఆ ఆహారం నిజంగా ఉపయోగమా అన్న సందేహం మాత్రం మిగిలింది. కొడుకు ఫ్రాన్సిస్ 1878లో దాన్ని తీర్చాడు. డ్రాసెరాలకు వల కప్పి పురుగులు రాకుండా చేసి, కొన్నింటికి మాత్రం చిన్న మాంసపు తునకలు పెట్టాడు. తిన్నవి చాలా ఎక్కువ విత్తనాలు కాశాయి. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే, అంత సూటిగా ఉంటుంది. మనం ఆక్వేరియం చేపల మేతను మెత్తగా నూరి, పుల్ల కొసన అంటినంత ఆకు మీద రాలిస్తే చాలు. ఎక్కువైతే ఆకు కుళ్లుతుంది.

7. నెపంథిస్‌కు (కూజా మొక్కకు) తొందర పనికిరాదు. మన దేశంలో సహజంగా ఉన్న జాతి ఒక్కటే, మేఘాలయలోని నెపంథిస్ ఖాసియానా. దక్షిణ గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర దానికోసమే ఒక అభయారణ్యం ఉంది. అది అంతరించే ప్రమాదంలో పడటానికి అడవి నుంచి తవ్వి అమ్మడం కూడా ఒక కారణం. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో దాన్ని చేర్చారు. అందుకే నర్సరీలో పుట్టిందని రుజువు చూపలేని మొక్కను ఎంత చవకైనా నేను ముట్టను. దారపు పోగులా ఉండే నెపంథిస్ విత్తనం కొన్ని నెలల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది. కోసిన వెంటనే చల్లాలి. ఇంకో చిక్కు, ఆడ మగ మొక్కలు వేరు, పూస్తే గానీ ఏదేదో తెలియదు. విత్తనం నుంచి పెంచిన నా మొక్క ఈ ఏడు పూసింది, మగది. పుప్పొడి ఎండబెట్టి ఫ్రీజర్‌లో దాచాను. ఆడ మొక్క పూసినవాళ్లెవరైనా కబురు పెడితే పంపుతాను.