కోడ్ జిప్ పంపేశారా? డిలీట్ తర్వాత, ముందు పాస్‌వర్డ్ మార్చండి

"అన్నా, ఇది మీ బాబాయ్ వాళ్ల షాపేనా?"

రెండేళ్ల కిందట ఓ రాత్రి ఈ మెసేజ్ వచ్చింది. కింద ఒక స్క్రీన్‌షాట్. అందులో మా ఛత్రినాక గల్లీ వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో లెక్కలు. చూడగానే చేతులు చల్లబడ్డాయి.

జరిగింది ఇదీ. బాబాయ్ కిరాణా షాపు కోసం నేనొక ఖాతా యాప్ రాశాను. మినీ ప్రాజెక్ట్‌కి కావాలని కాలేజీ జూనియర్ అడిగితే ఫోల్డర్ మొత్తం జిప్ చేసి వాట్సాప్‌లో పంపాను. "కోడే కదా, డేటా కాదు కదా" అనుకున్నా. కానీ ఆ ఫోల్డర్‌లో డాట్ ఈఎన్‌వీ ఫైల్ ఉంది, అందులో ఆన్‌లైన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంది. జూనియర్ దాన్ని క్లాస్ గ్రూప్‌లో ఫార్వర్డ్ చేశాడు, ఇంకొకరు గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టేశారు.

నేను చేసిన అసలు తప్పు

పంపడం ఒక తప్పు. తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. నలభై నిమిషాలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "డిలీట్ చెయ్ రా" అని బతిమాలాను. అంతసేపూ డేటాబేస్ తలుపు తెరిచే ఉంది! చివరికి పాస్‌వర్డ్ మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు. అది మార్చగానే బయట తిరుగుతున్న కాపీలన్నీ పాత తాళంచెవులు అయిపోయాయి.

ఈ ఆర్టికల్ మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే: పంపిన కోడ్‌ని వెనక్కి తెచ్చుకోలేం, కానీ అందులోని రహస్యాలను పనికిరాకుండా చేయగలం.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

టయోటా కార్ల టీ-కనెక్ట్ సర్వీస్ సంగతి చూడండి. వెబ్‌సైట్ సోర్స్ కోడ్‌లో కొంత భాగాన్ని ఒక సబ్‌కాంట్రాక్టర్ 2017 డిసెంబర్‌లో గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టేశాడు. అందులో డేటా సర్వర్ యాక్సెస్ కీ ఉంది. 2022 సెప్టెంబర్ దాకా, అంటే దాదాపు ఐదేళ్లు, ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిల్ అడ్రస్‌లు బయటపడి ఉండొచ్చని కంపెనీయే ప్రకటించింది.

మన దగ్గర 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల యాప్‌ల డేటా లీక్ వార్తల్లోకి వచ్చినప్పుడు, టీఎస్‌కాప్ యాప్‌లో పాస్‌వర్డ్‌లు ప్లెయిన్ టెక్స్ట్‌లోనే ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి అన్నారు. గుర్తుపెట్టుకోండి, ఫ్రెండ్‌కి పంపే ఏపీకే ఫైల్ కూడా షేర్ చేసిన కోడే. దాన్ని విప్పి లోపల ఏముందో చూసే టూల్స్ ఫ్రీగా దొరుకుతాయి.

పంపేశాక ఏం చేయాలి? ఈ వరుసలోనే చేయండి

1. తాళం మార్చండి. డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీలు, టోకెన్లు అన్నీ. పాతవి రద్దు చేసి కొత్తవి తీసుకోండి. కొత్తది తీసుకుని పాతది అలాగే వదిలేస్తే లాభం లేదు.

2. లింక్ మూసేయండి. గూగుల్ డ్రైవ్ అయితే ఆ ఫైల్ "మేనేజ్ యాక్సెస్"లోకి వెళ్లి, "ఎనీవన్ విత్ ద లింక్" ఉన్నచోట "రిస్ట్రిక్టెడ్" పెట్టండి. ఆల్రెడీ డౌన్‌లోడ్ అయినవి మాత్రం పోవు.

3. వాట్సాప్‌లో "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కండి. దీనికి రెండు రోజులు దాటి కొన్ని గంటల వరకే టైమ్ ఉంటుంది. ఇంకో గ్రూప్‌కి ఫార్వర్డ్ అయిన కాపీ మీద ఇది పనిచేయదు.

4. గిట్ హిస్టరీ చూడండి. మా జూనియర్లు డాట్ ఈఎన్‌వీ ఫైల్ తీసేసి కొత్త కమిట్ పెట్టి "అయిపోయింది అన్నా" అన్నారు. పాత కమిట్ తెరిస్తే పాస్‌వర్డ్ అక్కడే ఉంది. గిట్‌ఇగ్నోర్‌లో ఇప్పుడు పేరు రాసినా పాత కమిట్లు మారవు. హిస్టరీ తుడవాలంటే గిట్ ఫిల్టర్-రిపో లాంటి టూల్ వాడాలి. ఎవరైనా ఫోర్క్ చేసుకుని ఉంటే అది వేరే కాపీ. అందుకే తాళం మార్చడం ఒకటో నంబర్‌లో పెట్టాను.

వచ్చేసారి పంపే ముందు

ఫోల్డర్‌ని రైట్ క్లిక్ చేసి జిప్ చేయకండి. "గిట్ ఆర్కైవ్" కమాండ్ వాడితే కమిట్ చేసిన ఫైల్సే జిప్‌లోకి వెళ్తాయి, దాచిన గిట్ ఫోల్డర్ వెళ్లదు. డాట్ ఈఎన్‌వీని మొదటి రోజు నుంచీ గిట్‌ఇగ్నోర్‌లో ఉంచి, విలువలు లేని శాంపిల్ ఫైల్ ఒకటి ఇవ్వండి.

జిప్పే పంపాలంటే సెవెన్-జిప్‌లో ఏఈఎస్-256తో లాక్ చేసి, పాస్‌వర్డ్‌ని అదే చాట్‌లో కాకుండా ఫోన్ చేసి చెప్పండి.

ఇంకా మంచి పద్ధతి ప్రైవేట్ రిపోలోకి పిలవడం. పని అయ్యాక తీసేయొచ్చు. కానీ ఒక మెలిక ఉంది: పర్సనల్ అకౌంట్ రిపోలో కొలాబరేటర్‌కి చదవడమే కాదు, కోడ్ మార్చే హక్కు కూడా వస్తుంది.

2024 నుంచి గిట్‌హబ్ పబ్లిక్ రిపోల్లోకి వెళ్లే కీలను పుష్ దగ్గరే ఆపుతోంది. అయితే అది గుర్తుపట్టేది ప్రధానంగా తెలిసిన కంపెనీల టోకెన్లనే. "కిరాణా123" లాంటి మీ డేటాబేస్ పాస్‌వర్డ్‌ని అది పట్టుకుంటుందని నమ్ముకోకండి.

చివరగా

మర్నాడు పొద్దున బాబాయ్‌కి అంతా చెప్పాను. తిట్టలేదు. "బాకీ ఉన్నోళ్ల పేరు బజార్ల పడితే వాళ్లు మళ్ల మన దుకాణం మెట్లెక్కరు రా" అన్నాడు. అందరికీ తనే చెప్పాడు. ఆ డేటా ఎంతమంది చూశారో చెప్పే లాగ్స్ నా దగ్గర లేవు, ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడే మీ వాట్సాప్‌లో "జిప్" అని సెర్చ్ చేసి చూడండి. ఏ ఫైల్ ఎవరికి పంపారో, అందులో ఏ తాళంచెవి ఉందో గుర్తొస్తే, దాన్ని ఈ రోజే మార్చేయండి.