కంప్యూటర్ పిల్లలది, పాస్‌వర్డ్ పెద్దలది

ఇంటర్‌లో చేరిన పిల్లలు మొదట ఫోన్ అడుగుతారు, తర్వాత కంప్యూటర్ అడుగుతారు. నన్నడిగితే ఆ రెండో కోరికే నయం. తెలంగాణలో ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) 2018 నుంచి కంప్యూటర్ మీదే రాయాల్సి వస్తోంది. జేఈఈ మెయిన్ కూడా ఇప్పుడు కంప్యూటర్ మీదే. ఇంట్లో నాలుగు మాక్ టెస్టులు రాసి వెళ్లిన పిల్లకు పరీక్ష హాల్లో మౌస్ కొత్తగా ఉండదు. పైగా డెస్క్‌టాప్‌ను దుప్పట్లో దాచుకుని చూడలేరు. హాల్లో ఒక మూలన పెడితే వచ్చేపోయే వాళ్లందరికీ తెర కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి కొనండి. కాకపోతే బేరమాడటానికి పెట్టే ఓపికలో సగమైనా, కొన్నాక దాన్ని ఎలా కాపాడుకోవాలన్న దాని మీద పెట్టమని నా మనవి.

ఎక్కడ కొనాలి?

సూర్యాపేటలో పొద్దున్నే బస్సెక్కితే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొనుక్కుని రాత్రికల్లా ఇల్లు చేరొచ్చు. కోదాడ వాళ్లకు విజయవాడ ఇంకా దగ్గర. అక్కడ ధర కొంత తగ్గొచ్చు కూడా. కానీ ఆర్నెల్ల తర్వాత ఒకరోజు సిస్టమ్ ఆన్ కాకపోతే, దాన్ని మోసుకుని మళ్లీ హైవే ఎక్కాల్సింది మీరే. ధరలో కాస్త తేడా ఉన్నా, పిలిస్తే మనిషి ఇంటికొచ్చే ఊళ్లో దుకాణమే మేలని నేనంటాను.

బ్రాండెడ్ సిస్టమ్ తీసుకుంటే, సర్వీస్ ఇంజినీరు మీ పిన్‌కోడ్‌కు వస్తాడా రాడా అని డబ్బు కట్టకముందే అడగండి. అసెంబుల్డ్ అయితే ప్రాసెసర్‌కు ఒక వారంటీ, ర్యామ్‌కు ఒకటి, ఎస్‌ఎస్‌డీకి ఒకటి ఉంటాయి. ఏ పార్టుకు ఎన్నేళ్లో, దాని సీరియల్ నంబర్ ఏమిటో జీఎస్‌టీ బిల్లు మీద రాయించుకోండి. తెల్లకాగితం మీద మొత్తం వేసి ఇస్తే రేపు అడగడానికి ఆధారముండదు.

బిల్లు మీద చదవాల్సిన అంకె

"ఐ5 సిస్టమ్ సార్, మంచి స్పీడు" అంటాడు దుకాణదారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ సగం మాటే. ఐ5 తర్వాత వచ్చే అంకెలు చూడండి. ఐ5-4570 అని ఉంటే అది 4వ తరం. ఐ5-12400 అని ఉంటే 12వ తరం. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో నాలుగంకెలుంటే మొదటి అంకె, అయిదంకెలుంటే మొదటి రెండంకెలు తరాన్ని చెబుతాయి. రెండింటి పేరూ ఐ5 అయినా, వాటి మధ్య ఎనిమిది తరాల తేడా ఉంది.

ఇది స్పీడుకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత డెస్క్‌టాప్‌లు తుడిచి, కొత్త కీబోర్డు కలిపి చవగ్గా అమ్ముతుంటారు. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాత ప్రాసెసర్లను విండోస్ 11 దాదాపుగా ఒప్పుకోదు. వాటి మీద విండోస్ 10 వేసి ఇస్తారు. ఆ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సిస్టమ్ ఆగిపోదు, రోజూ పనిచేస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలను పూడ్చే అప్‌డేట్లు మునుపటిలా వాటంతటవే రావు.

అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో చూశాం. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తెర మీద డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకున్న సిస్టమ్‌లు చాలావరకు బతికాయి, వాయిదా వేసినవి దొరికిపోయాయి. కాబట్టి "అప్‌డేట్ అడుగుతోంది నాన్నా" అని పిల్లాడంటే "రేపు చూద్దాంలే" అనకండి.

ఇక మిగతావి క్లుప్తంగా. ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు, వీలైతే 16 వేయించండి. డిస్క్ ఎస్‌ఎస్‌డీనే తీసుకోండి, చదువుకు 512 జీబీ చాలు. రంగురంగుల లైట్ల క్యాబినెట్‌కు పెట్టే డబ్బు మంచి యూపీఎస్‌కు పెట్టండి. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చే మన ఊళ్లలో అదే అక్కరకొస్తుంది. ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

"ఓఎస్ ఫ్రీగా వేసిస్తాం"

ఈ మాట విన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. అసలు లైసెన్సు లేని విండోస్‌ను నడిపించడానికి యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడతారు. అది పనిచేయాలంటే చాలాసార్లు ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది. కొత్త సిస్టమ్ మీద మొట్టమొదటి పనే కాపలాను ఆపడమన్నమాట. ఆ యాక్టివేటర్ ఇంకేం మోసుకొచ్చిందో వేసిన కుర్రాడికీ తెలియదు.

లైసెన్సుతో వచ్చే సిస్టమే కొనండి. బడ్జెట్ చాలకపోతే ఉబుంటు వేయించండి, అది చట్టబద్ధంగానే ఉచితం. రాతకోతలకు లిబ్రే ఆఫీస్ కూడా ఉచితమే. బ్రౌజర్‌లో రాసే మాక్ టెస్టులకు, వీడియో పాఠాలకు, పైథాన్ నేర్చుకోవడానికి ఉబుంటు చక్కగా సరిపోతుంది. యాంటీవైరస్ విడిగా కొనాలా అని చాలామంది అడుగుతారు. విండోస్‌తో పాటే డిఫెండర్ వస్తుంది. దాన్ని ఆపకుండా, అప్‌డేట్‌లు ఆపకుండా ఉంటే మామూలు ఇంటికి అది చాలు.

మొదటి సాయంత్రం చేయాల్సిన పని

సిస్టమ్ ఇంటికి తెచ్చాక పూజ చేసి, బొట్టు పెట్టి, స్విచ్ వేస్తారు. అప్పుడే ఒక గంట కేటాయించండి. మొదటి అకౌంట్ అమ్మ పేరునో నాన్న పేరునో, వాళ్ల ఈమెయిల్‌తోనే తెరవాలి. దుకాణంలో కుర్రాడు తన మెయిల్ పెట్టి "రెడీ సార్" అంటే ఒప్పుకోవద్దు. ఎందుకంటే చాలా కొత్త కంప్యూటర్లలో డిస్కుకు విండోస్ తనంతట తానే తాళం వేస్తుంది. దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ ఆ మొదటి అకౌంట్‌కు చేరుతుంది. రేపెప్పుడో సిస్టమ్ ఆ కీ అడిగితే, అది ఎవరి అకౌంట్‌లో ఉందో వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి.

తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి పిల్లల పేరు మీద రెండో అకౌంట్ తెరవండి. దాని రకం స్టాండర్డ్ యూజర్ అని ఉండాలి. మీది అడ్మినిస్ట్రేటర్. ఇక పిల్లలు చదువుకోవచ్చు, వీడియోలు చూడొచ్చు, ప్రాజెక్టులు చేసుకోవచ్చు. సిస్టమ్ మొత్తాన్ని మార్చే ప్రోగ్రామ్ ఏదైనా వేయబోతే మాత్రం తెర మీద చిన్న పెట్టె వచ్చి మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు పిల్లాడు మీ దగ్గరికొస్తాడు. "ఇది ఎందుకురా, ఎక్కడి నుంచి దించావు?" అని మీరడుగుతారు. ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ అడగలేని ప్రశ్న అది. మీరు కూడా బ్యాంకు పనులతో సహా రోజువారీ వాడకానికి ఇంకో స్టాండర్డ్ అకౌంటే పెట్టుకోండి.

టైమ్ లిమిట్లు పెట్టడానికి, ఏ సైట్లు చూశారో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉంది. పెట్టండి, కానీ పెట్టామని పిల్లలకు చెప్పి పెట్టండి. చాటుగా నిఘా పెట్టి ఒకరోజు దొరికిపోతే, ఆ తర్వాత వాళ్లు మీకు ఏదీ చెప్పరు.

మిల్లు లెక్కలూ గేములూ ఒకే సిస్టమ్‌లోనా?

మిర్యాలగూడలో రైస్‌మిల్లులతో, ధాన్యం వ్యాపారంతో ముడిపడిన ఇళ్లు ఎన్నో. రాత్రి నాన్న ట్యాలీలో లెక్కలు రాసుకునేదీ, పగలు కొడుకు గేమ్ ఆడుకునేదీ ఒకే డెస్క్‌టాప్ మీద కావచ్చు. డబ్బు కట్టక్కర్లేని క్రాక్ గేమ్ ఒక్కటి దించితే, దాని వెంట వచ్చిన రాన్సమ్‌వేర్ గేమునూ లెక్కలనూ వేరు చేసి చూడదు. వీలైతే లెక్కలకు వేరే సిస్టమ్ ఉంచండి. వీలుకాకపోతే వారానికొకసారి ట్యాలీ డేటా, ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్కును పీకేసి పెట్టండి. పీకడం ముఖ్యం. తగిలించే ఉంచితే అందులోని ఫైళ్లకూ తాళం పడుతుంది.

పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రాజెక్టు ప్రింటు కోసం జిరాక్స్ సెంటరుకు తీసుకెళ్తారు. అక్కడి సిస్టమ్‌లో రోజూ ఎన్నో పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీస్తుంటారు. ఇంటికొచ్చి తెరిస్తే ఒక్కోసారి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి, మూల మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. అలా కనిపిస్తే నొక్కొద్దని పిల్లలకు చెప్పండి. ముందు డిఫెండర్‌తో స్కాన్ చేయాలి. ఇలాంటి వాటిని శుభ్రం చేసే ఉచిత టూల్స్‌ను కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఇస్తోంది.

ఎర్రటి తెర వచ్చినప్పుడు

ఒకరోజు తెర నిండా ఎర్ర హెచ్చరిక వస్తుంది. సైరన్ మోగుతుంది. "మీ కంప్యూటర్‌కు వైరస్, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఉంటుంది. తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, బ్రౌజర్ మూసేస్తే సరి. అదీ కుదరకపోతే సిస్టమ్ ఆపేయండి. ఫోన్ చేస్తే మాత్రం అవతలివాడు ఎనీడెస్క్ లాంటిది వేయమంటాడు. అది వేసి కోడ్ చెప్పామంటే మౌస్ వాడి చేతికి పోతుంది. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే బంధువులను సలహా అడుగుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

అయితే ఆ ఎర్ర తెర వచ్చేసరికి మీరు ఇంట్లో ఉండరు. మిల్లులోనో బడిలోనో పొలం దగ్గరో ఉంటారు. ఇంట్లో ఉండేది మీ అమ్మాయో అబ్బాయో. "కొనిచ్చింది ఇందుకా?" అని ఇదివరకు ఒకసారి తిట్లు తిన్న పిల్ల, భయంతో తెర మీది నంబరుకే ఫోన్ చేస్తుంది తప్ప మీకు చేయదు. మోసగాడు నమ్ముకున్నదీ ఆ భయాన్నే. అందుకని కొన్న రోజే పిల్లలతో ఒక మాట అనండి: "ఏం నొక్కినా, ఏం పాడైనా ముందు నాకు చెప్పు, తిట్టను." అని, ఆ మాట మీద నిలబడండి.

ఏడాదికోసారి మీ అడ్మిన్ పాస్‌వర్డ్ గురించి మళ్లీ ఆలోచించండి. అప్‌డేట్లు పిల్లలే గుర్తు చేస్తున్నారా? బ్యాకప్ చెప్పకుండానే తీస్తున్నారా? అనుమానమొస్తే అడుగుతున్నారా? అలాగైతే వాళ్లు ఇంజినీరింగ్‌కో డిగ్రీకో వెళ్లేనాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ల చేతికే ఇచ్చేయండి. హాస్టల్లో వాళ్ల సిస్టమ్‌ను చూసుకోవాల్సింది ఎలాగూ వాళ్లే.