గీజరు తనంతట తానే ఎందుకు ఆగిపోతుంది?

ధనుర్మాసం ప్రవేశించగానే మన కృష్ణా డెల్టా గ్రామాలలో తెల్లవారుజాము చన్నీళ్ళ స్నానానికి వెనుదీయని వారు అరుదు. ఒకప్పుడు ప్రతి పెరటిలోను రాగి బాయిలరు ఉండేది. నడిమి గొట్టంలో పుల్లలో, బొగ్గులో మండుతుంటే చుట్టూ నీరు కాగేది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దానిని హమాం అని పిలవడం కద్దు. స్నానశాల అనే అర్థంగల ఆ మాట, అరబ్బీ భాషలో వేడిని తెలిపే ధాతువు నుండి పుట్టినది. ఆ బాయిలరు తనంతట తానుగా ఎన్నడూ ఆగి ఎరుగదు. దానికి ఆగవలసిన అవసరమూ లేదు. మూత బిగింపు లేనిది కావడం వలన, నీరు మరిగితే ఆవిరి పైకి పోయేది. అంతకు మించి ప్రమాదం లేదు.

నేటి విద్యుత్ గీజరు అటువంటిది కాదు. అది నలువైపుల మూసిన పాత్ర. కనుకనే దానికి కాగడం ఎంత ముఖ్యమో, ఆగడం కూడ అంత ముఖ్యం. ఈ సంగతి నాకు పాఠ్యపుస్తకాల వలన తెలిసినదే అయినా, మనసుకు పట్టినది మాత్రం కూచిపూడిలో మా అక్కయ్యగారింట జరిగిన ఒక చిన్న ఉదంతం వలన. వారింటి గీజరు వారానికి రెండుసార్లు ఆగిపోయేది. కరెంటు పనివాడు వచ్చి, అడుగున ఉన్న ఎఱ్ఱ బొత్తాన్ని నొక్కి వెళ్ళేవాడు. చివరకు విసిగి, "ఈ కటౌటే పాడైంది, ఇది లేకపోయినా నడుస్తుంది" అని చెప్పి, దాని రెండు కొనలను ఒక తీగముక్కతో కలిపి వేశాడు. "తమ్ముడూ, ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నది" అని అక్కయ్య సంతోషంగా చెప్పినది. మూడవ నాడు ఉదయం గీజరు లోపల దబదబ మోత వినిపించింది. కుళాయి తిప్పితే నీటికి బదులు ఆవిరి చిమ్మింది. మనుమడు అప్పుడే స్నానానికి వెళ్ళబోతున్నాడు. అదృష్టవశాత్తు స్విచ్చి గది వెలుపల ఉండడం వలన వెంటనే ఆపగలిగారు.

ఆ తీగముక్క చేసిన పని ఏమిటో తెలియాలంటే గీజరు లోపలి ఏర్పాటు కొంత తెలియాలి. ఇందులో కాపలాదారులు ఇద్దరు. మొదటిది థర్మోస్టాటు. ఇది నీరు సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరగానే విద్యుత్తును ఆపి, చల్లబడగానే తిరిగి ఇస్తుంది. గీజరులలో తరచు కనిపించే రకంలో ఒక ఇత్తడి గొట్టం, దాని లోపల ఇన్వార్ అనే మిశ్రలోహపు కడ్డీ ఉంటాయి. వేడికి గొట్టం సాగుతుంది, కడ్డీ దాదాపు సాగదు. ఆ స్వల్ప భేదమే స్విచ్చిని తెరుస్తుంది. ఇన్వార్‌ను కనుగొన్న గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. రెండు లోహాల వ్యాకోచ భేదాన్ని పనిలో పెట్టడం అంతకు ముందే ఉన్నది: 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ తన గడియారాలలో దానిని వాడాడు, 1830లో ఆండ్రూ యూర్ థర్మోస్టాటు అన్న పేరుతోనే పేటెంటు పొందాడు.

రెండవ కాపలాదారు థర్మల్ కటౌటు. సాధారణంగా 85, 95 డిగ్రీల నడుమ ఇది తెగుతుంది. ఒకసారి తెగితే, మనిషి చేత్తో నొక్కితే తప్ప తిరిగి కలవదు. థర్మోస్టాటు నిత్యోద్యోగి, కటౌటు మాత్రం ఆ ఉద్యోగి విఫలమైన నాడు మాత్రమే లేచే వ్యక్తి. కాబట్టి కటౌటు తెగినదంటే అది ఫిర్యాదు చేస్తున్నదన్న మాట. ఫిర్యాదు వినకుండ నోరు మూయించడమే ఆ తీగముక్క చేసిన పని.

విద్యార్థులు ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చు. 15 లీటర్ల నీటిని 25 నుండి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 2,200 కిలోజౌళ్ళు కావాలి. 2 కిలోవాట్ల గీజరుకు ఇది 18 నిమిషాల పని. థర్మోస్టాటు చెడి, కటౌటు కూడ లేనట్లయితే, మరి 21 నిమిషాలలో నీరు 100 డిగ్రీలను అందుకుంటుంది. ఆపైన మూసిన పాత్రలో మరుగుడు ఆగదు, పీడనం పెరుగుతుంది. 120 డిగ్రీల వద్ద ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి రెండు రెట్లు. పాత్ర చిట్లితే అందులోని నీటిలో కొంతభాగం ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. ఆవిరికి కావలసిన చోటు నీటికంటె సుమారు 1,600 రెట్లు. అందుచేతనే గీజరుకు సేఫ్టీ వాల్వు తప్పనిసరి. ఆ వాల్వును మొదట తన ఆవిరి పాత్రకు అమర్చినవాడు డెనీ పాపెన్, 1679లో. మన దేశంలో నిలువ గీజరులకు ఐ.ఎస్. 2082 అనే ప్రమాణం ఉన్నది; కొనేటప్పుడు ఆ అంకె, ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోవడం మేలు.

ఇక అసలు ప్రశ్న. కటౌటు ఎందుకు తెగుతుంది? గీజరు అతిగా వేడెక్కిందనగానే వేడి ఎక్కువ పుట్టిందని తలుస్తాము. చాలసార్లు అది నిజం కాదు. పుట్టిన వేడి వెళ్ళవలసిన చోటికి వెళ్ళలేకపోవడమే కారణం.

మా అక్కయ్యగారింట గీజరు విప్పగా హీటరు చుట్టూ చేతి వ్రేలు మందాన తెల్లని రాతిపొర పేరుకొని ఉన్నది. అడుగు నుండి దోసెడు పెళ్ళలు రాలాయి. వారు వాడేది బోరు నీరు. డెల్టాలో సముద్రతీరానికి చేరువయ్యే కొలది భూగర్భజలం ఉప్పదనానికి, కాఠిన్యానికి లోనవుతుందన్నది ఇక్కడి రైతులందరికి తెలిసిన సంగతే. తియ్యని నీటికి కాలువలు, వానిచే నిండే చెరువులే ఆధారం. కఠినజలంలో కరిగియున్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారి, అత్యధికంగా వేడెక్కే హీటరు మీదనే పేరుకొంటుంది. రసాయనశాస్త్రంలో తాత్కాలిక కాఠిన్యం అని మనం చదివినది ఇదే.

ఈ పొర వేడిని సరిగా పోనివ్వదు. స్థూలంగా లెక్కిస్తే, 250 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం గల 2 కిలోవాట్ల హీటరు మీద ఒక్క మిల్లీమీటరు పొర ఉన్నా, లోహం ఉపరితలం నీటికంటె దాదాపు 80 డిగ్రీలు ఎక్కువగా కాగవలసి వస్తుంది. పొర హీటరును దాటి థర్మోస్టాటు గొట్టం వరకు వ్యాపించినప్పుడు, హీటరు వేడి నీటిని తాకకుండానే రాతి గుండా నేరుగా గొట్టాన్ని చేరుతుంది. అప్పుడు టాంకులో నీరు ఇంకా గోరువెచ్చగా ఉండగానే కటౌటు తెగుతుంది. చిటపట శబ్దాలు, నీరు కాగడానికి పట్టే కాలం పెరగడం, వెచ్చగానే ఆగిపోవడం — ఈ మూడూ కలిస్తే దోషం పొరదేనని అనుకోవచ్చును.

నీరు చేయి కాల్చేంతగా మరిగి, సూచిక దీపం ఎంతసేపటికి ఆరకపోతే తప్పు థర్మోస్టాటుది. దాని కొనలు నిప్పురవ్వలకు అతుక్కొని పోయి ఉంటాయి. దానిని మార్చడం తప్ప వేరు మార్గం లేదు. అక్కయ్యగారింట పొరతోబాటు ఈ దోషం కూడ ఉన్నది. కటౌటును మాయం చేయగానే అది బయటపడింది.

పైటాంకు ఖాళీ అయిన సంగతి చూడకుండ స్విచ్చి వేసినా కటౌటు తెగుతుంది. నీరు లేనిచో హీటరు వేడిని గాలి మోయలేదు. కొత్త గీజరును మొదటిసారి వాడేటప్పుడు కుళాయి నుండి ధారగా నీరు వచ్చిన తరువాతనే స్విచ్చి వేయవలసినది. వదులైన మరను కూడ మరువరాదు: 2 కిలోవాట్లకు 230 వోల్టుల వద్ద ప్రవాహం దాదాపు 9 ఆంపియర్లు, మర వదులైతే అక్కడే వేడి పుట్టి ప్రక్కనున్న కటౌటును ఏమారుస్తుంది. నల్లబడిన తీగ దానికి గుర్తు. రాత్రివేళ వోల్టేజి 250కి పెరిగితే హీటరు శక్తి 18 శాతం పెరుగుతుందన్నది కూడ గమనార్హం.

ఇంటి మెయిన్ బోర్డులో స్విచ్చి పడిపోవడం వేరు, కటౌటు తెగడం వేరు. భూస్పర్శ లీకేజిని పట్టే స్విచ్చి పడిపోతున్నదంటే హీటరు తొడుగు చిట్లి విద్యుత్తు నీటిలోకి వస్తున్నదేమో అని అనుమానించాలి. అప్పుడు తిరిగి నొక్కి చూడడం ప్రాణాంతకం.

మన పూర్వ విద్యార్థులు అమెరికాలో కాపురాలు పెట్టి, ఇంటిని వేడిచేసే ఫర్నేసు నడుమ నడుమ ఆగిపోతున్నదని వ్రాస్తుంటారు. తర్కం ఇదే. అక్కడ నీటి స్థానంలో గాలి, రాతిపొర స్థానంలో దుమ్ముతో మూసుకొనిపోయిన ఫిల్టరు. గాలి తగినంత పారక లోహపు గదులు కాగి, లిమిట్ స్విచ్చి గ్యాసును ఆపుతుంది. ఫిల్టరు మార్చిన పిమ్మట కూడ ఆగుతుంటే పనివానిని పిలవాలి. పలుమార్లు అతిగా కాగిన లోహం పగిలితే కార్బన్ మోనాక్సైడు ఇంటిలోనికి రావచ్చును. దానికి రంగు, వాసన లేవు. మన ఊళ్ళలో స్నానాల గదిలోనే గ్యాసు గీజరు బిగించేవారు ఈ మాటను రెండుసార్లు చదువగలరు. అది గది వెలుపల ఉండవలసిన వస్తువు.

అక్కయ్యగారింట చేసిన మరమ్మతు పెద్దదేమీ కాదు. కరెంటు తీసి, నీరు వదలి, పొరను పలుచని ఆమ్లంతో కరగించారు. థర్మోస్టాటు, కటౌటు రెండూ కొత్తవి వేశారు. అరిగిపోయిన మెగ్నీషియం కడ్డీని మార్చారు. టాంకు తుప్పు పట్టకుండ తాను కరిగిపోయే కడ్డీ అది. గీజరుకు మాత్రం బోరు నీరు మాని కుళాయి నీరు కలిపారు. ఏటేటా కార్తీకంలో ఒకసారి విప్పి చూస్తున్నారు. ఆ తీగముక్కను నేను తెచ్చుకొని మా ప్రయోగశాల బీరువాలో ఉంచాను; చూడగోరు విద్యార్థులు అడుగవచ్చును.